నీళ్ల పైపులోంచి కరెంటు తీయాలంటే ముందు వృథా అవుతున్న ప్రెషర్‌ని వెతకండి

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది. కుళాయికి ముందు చిన్న డబ్బా బిగిస్తారు, కుళాయి తిప్పగానే బల్బు వెలుగుతుంది. "మన ఓవర్‌హెడ్ ట్యాంకు పైపుకి ఇలాంటివి నాలుగు పెడితే కామన్ ఏరియా బిల్లు పోతుంది కదండీ" అని కమిటీ మీటింగులో ఎవరో ఒకరు లేస్తారు. బల్బు వెలగడం నిజమే. బిల్లు మాత్రం తగ్గినట్టు కూడా తెలియదు. ఎందుకో కాసేపట్లో లెక్క వేసి చూద్దాం.

అలాగని మంచినీటి పైపులోంచి కరెంటు తీయడం ఉత్తమాట కాదు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం బుల్ రన్ అనే అడవి నుంచి గ్రావిటీ మీద నీళ్లు తెచ్చుకుంటుంది. అక్కడ భూమిలో ఉన్న మెయిన్ పైపులో లూసిడ్ ఎనర్జీ అనే కంపెనీ 42 అంగుళాల టర్బైన్లు నాలుగు దింపింది. 2015 జనవరిలో కరెంటు రావడం మొదలైంది. మొత్తం సామర్థ్యం 200 కిలోవాట్లు, ఏడాదికి 11 లక్షల యూనిట్లు వస్తాయని అప్పటి అంచనా. వియన్నా అయితే ఇంకా పాత కాపు. ఆల్ప్స్ కొండల ఊటనీళ్లను రెండు పెద్ద లైన్లలో నగరానికి దింపుకుంటూ, రెండోదాన్ని 1910లో పూర్తి చేసుకుని, దారిలో నీళ్లు దిగే చోట్ల కరెంటు తీసుకుంటోంది.

రెండు ఊళ్లకీ కొండలున్నాయి, నీళ్లు వాటంతటవే దిగుతాయి. మీ కాలనీలో, మీ మునిసిపాలిటీలో, మీ గేటెడ్ కమ్యూనిటీలో అలాంటిది ఏమైనా ఉందా లేదా తేల్చుకోవడమే ఈ పనిలో ముప్పాతిక వంతు. టర్బైన్ కొనడం తర్వాతి సంగతి.

1. ప్రెషర్ ఎవరి పుణ్యమో కనుక్కోండి

పైపులో ప్రెషర్ రెండే రకాలుగా వస్తుంది. నీళ్లు ఎత్తు నుంచి దిగడం వల్ల, లేదా పంపు తోయడం వల్ల. పంపు తోసిన నీళ్లకి టర్బైన్ అడ్డం పెట్టడమంటే బ్యాంకులో పన్నెండు శాతానికి అప్పు తెచ్చి, అదే బ్యాంకులో మూడు శాతానికి డిపాజిట్ చేయడమే.

అపార్ట్‌మెంట్ లెక్క చూడండి. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, రోజుకి 15,000 లీటర్ల వాడకం. ఉదారంగా పోదాం, ప్రతి చుక్కా 15 మీటర్ల ఎత్తు నుంచి పడుతుందనుకుందాం. 15,000 కిలోలను 9.81తో, మళ్లీ 15తో గుణిస్తే దాదాపు 22 లక్షల జౌల్స్. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్. అంటే మొత్తం శక్తి 0.61 యూనిట్. చిన్న టర్బైన్, జనరేటర్ కలిసి అందులో నలభై శాతం పట్టుకున్నా చేతికొచ్చేది పావు యూనిట్. అవే నీళ్లను సంపులోంచి 20 మీటర్లు ఎక్కించడానికి, మోటారు సామర్థ్యం నలభై శాతం అనుకుంటే, రెండు యూనిట్లు కాలుతాయి. రెండు పెట్టి పావు తెచ్చుకోవడం, పైగా పై అంతస్తులో షవర్ సన్నబడటం. కమిటీ మీటింగులో ఈ పేరా చదివి వినిపించండి, చాలు.

హైదరాబాద్ కథా దాదాపు ఇదే, కాకపోతే పెద్ద ఎత్తున. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. నగరం 1,700 అడుగులకి అటూ ఇటూగా ఉంది. కృష్ణా నీళ్లను కోదండాపూర్‌లో శుద్ధి చేసి, దశలవారీగా పంపులతో గున్‌గల్ దాకా ఎక్కించి, అక్కడి నుంచి గ్రావిటీ మీద నగరానికి వదులుతారు. పాత గండిపేట లైనులో పంపు గొడవే లేదు. 1920 నాటి ఉస్మాన్ సాగర్ నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి నీళ్లు కాండ్యూట్‌లో వాలు మీద నడిచొస్తాయి. అది ప్రెషర్ పైపు కాదు, మూత పెట్టిన కాలువ. వాలంతా నీళ్లను నడిపించడానికే సరిపోతుంది, మిగిలేది లేదు.

మరి పంపులున్న ఊళ్లో దొరికేదేమీ లేదా అంటే, ఉంది. పంపుహౌసు ఎత్తున ఉన్న కాలనీని లెక్కలోకి తీసుకుని తోస్తుంది. పల్లంలో ఉన్న కాలనీకి ఆ ప్రెషర్ ఎక్కువైపోతుంది, పైపులు పగలకుండా దాన్ని ఎక్కడో ఒకచోట చంపాలి. అలా చంపే చోట్లు వెతకండి:

ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు, అంటే పీఆర్వీ, ఉన్న చాంబర్లు. కొండ మీది ట్యాంకు నుంచి దిగే లైన్లలో మధ్యన కట్టే బ్రేక్ ప్రెషర్ ట్యాంకులు. ఊరికి నీళ్లు పంచే ట్యాంకు, అంటే సర్వీస్ రిజర్వాయర్‌లోకి నీళ్లు పడే ఇన్‌లెట్. అన్నిటికన్నా ఎక్కువగా, సగం మూసి వదిలేసిన గేట్ వాల్వులు. ఇవి ఏ డ్రాయింగులోనూ ఉండవు, నీళ్ల లైన్‌మన్‌కే తెలుసు. "దాన్ని ఆరు చుట్లే తిప్పుతాం సార్, పూర్తిగా తెరిస్తే కింద లీకులు మొదలవుతాయి" అంటాడు. అలాంటి వాల్వు దగ్గర కూర్చుని బాడీ మీద అరచేయి పెట్టండి. సన్నటి వణుకు తెలుస్తుంది, లోపల ఇసుక జారుతున్నట్టు సూమని రొద వినిపిస్తుంది. మీకు కావలసిన కరెంటు అదే, ప్రస్తుతానికి చప్పుడుగా, వేడిగా పోతోంది.

ఇక్కడ ఒక్క మాట. పంపు అవసరానికి మించి తోయడం వల్లే ఆ వాల్వు మూయాల్సి వస్తోందంటే టర్బైన్ ఆలోచన పక్కన పెట్టండి. పంపు వేగం తగ్గించే వేరియబుల్ డ్రైవ్ పెట్టడమో, లోపల తిరిగే చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌ని, చెక్కించడమో చేస్తే శక్తి ఖర్చే కాదు. ఖర్చు పెట్టి సగం రాబట్టుకోవడం కన్నా అది ఎప్పుడూ చవక.

2. కొలవండి, అదీ నీళ్లు నడుస్తున్నప్పుడు

వాల్వుకి ముందొకటి, తర్వాతొకటి ప్రెషర్ గేజి బిగించండి. కిలో లెక్కలో ఉన్న గేజి అయితే ఒక కిలోకి పది మీటర్ల ఎత్తు. బార్ అయితే 10.2 మీటర్లు. రెండు గేజిల తేడాయే మీకు దొరికే హెడ్.

వాల్వులన్నీ మూసి, నీళ్లు కదలనప్పుడు చూసే ప్రెషర్ ఘనంగా ఉంటుంది, దాన్ని నమ్మి లెక్క వేయొద్దు. నీళ్లు నడవడం మొదలుకాగానే పైపు రాపిడిలో కొంత పోతుంది. తెల్లవారుజామున వాడకం ఎక్కువ, ప్రెషర్ తక్కువ. అర్ధరాత్రి తలకిందులు. అందుకని కనీసం వారం రోజుల పాటు, వీలుంటే రీడింగుల్ని తనంతట తానే రాసుకునే డేటా లాగర్ పెట్టి, గంటగంటకీ రాసుకోండి.

ప్రవాహానికి పైపు కోయనక్కర్లేదు. బయటి నుంచి బిగించే అల్ట్రాసోనిక్ మీటరు అద్దెకి దొరుకుతుంది. చిన్న లైనైతే పాత పద్ధతే మేలు: కొలత తెలిసిన డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్. ట్యాంకులోకి పడే లైనైతే ఔట్‌లెట్ మూసి, పది నిమిషాల్లో మట్టం ఎంత పెరిగిందో చూసినా సరిపోతుంది.

ప్రెషరంతా మీదే అనుకోకండి. చివరి ఇంటికి నీళ్లు ఎక్కాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 1999 నాటి నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్లకి 7 మీటర్లు, రెండంతస్తులకి 12, మూడంతస్తులకి 17 మీటర్ల ప్రెషర్ మిగలాలని అప్పట్లో చెప్పారు, ఇప్పటి నియమం సరిచూసుకోండి. లైనులో అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఇంటి దగ్గర ఇది మిగిలాకే పైది మీది.

3. లెక్క

సెకనుకి ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల హెడ్. రెంటినీ గుణించి మళ్లీ 9.81తో గుణిస్తే వాట్లు. అందులో చిన్న యంత్రం సగమే ఇస్తుంది, కాబట్టి చేతి లెక్కకి లీటర్లు, మీటర్లు, ఐదు అని గుర్తుపెట్టుకోండి.

ఒక పీఆర్వీ దగ్గర సెకనుకి 20 లీటర్లు, ముందు 5 బార్, తర్వాత 2 బార్ ఉందనుకోండి. తేడా దాదాపు 30 మీటర్లు. 20, 30, 9.81 గుణిస్తే 5,886 వాట్లు. 55 శాతం సామర్థ్యంతో దాదాపు 3.2 కిలోవాట్లు. రోజుకి పన్నెండు గంటలు ఈ ప్రవాహం ఉంటే 39 యూనిట్లు, ఏడాదికి 14 వేలు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే సుమారు లక్ష రూపాయలు.

బాగానే ఉంది. ఇప్పుడు అదే యంత్రాన్ని రోజు మార్చి రోజు రెండు గంటలు నీళ్లొచ్చే లైనులో పెట్టండి. ఏడాదికి 1,170 యూనిట్లు, ఎనిమిది వేల రూపాయలు. వాల్వుల ఖర్చు కూడా రాదు. మన ఊళ్లలో ఈ ఆలోచన చాలాసార్లు ఆగిపోయేది ఇక్కడే. పోర్ట్‌లాండ్ టర్బైన్ల అంచనా గొప్పగా కనిపించడానికి కారణం కూడా ఇదే: 200 కిలోవాట్ల యంత్రం ఏడాదంతా నిండుగా తిరిగితే 17.5 లక్షల యూనిట్లు రావాలి, వాళ్లు ఆశించింది 11 లక్షలు, అంటే 63 శాతం. పైపు ఎప్పుడూ నిండి ఉంటేనే అది సాధ్యం. ఇరవై నాలుగు గంటల సరఫరా ఉన్నంత మాత్రాన కూడా చాలదు. ఒడిశాలోని పూరీ 2021లో ఆ ఘనత సాధించింది, కానీ సముద్రతీరపు ఊరికి వాలు ఎక్కడిది? రెండూ కలిసిన చోటు కావాలి.

అప్పుడప్పుడే నీళ్లొచ్చే లైనుకి ఇంకో చిక్కుంది. ఖాళీ పైపులోకి నీళ్లు వస్తూ ముందు గాలిని తోస్తాయి. కుళాయిలో బుస్సుమని గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు రావడం మీరు చూసే ఉంటారు. ఆ గాలికి మీటర్లే గిర్రున తిరుగుతాయి. టర్బైన్‌కైతే బేరింగులు పోతాయి.

4. యంత్రాన్ని ఎంచుకోండి

నీళ్లు ట్యాంకులోకి పడే చోటైతే, అంటే తర్వాత ప్రెషర్ అవసరం లేకపోతే, హెడ్ ఎక్కువ, ప్రవాహం తక్కువ ఉన్నప్పుడు పెల్టన్ లేదా టర్గో చక్రం. నాజిల్ నుంచి జెట్ వచ్చి చక్రాన్ని కొడుతుంది, నీళ్లు కింద ట్యాంకులో పడతాయి. బ్రేక్ ప్రెషర్ ట్యాంకు దీనికి అచ్చంగా సరిపోయే స్థలం. ఏజెన్సీ కొండల్లో ఊటనీళ్లను పైపుల్లో ఊరికి దింపుకునే పథకాలకి నేనైతే మొదట దీన్నే చూస్తాను. ప్రవాహం తగ్గినా ఇది బాగానే తిరుగుతుంది.

లైను మధ్యలో, తర్వాత కూడా ప్రెషర్ కావాలంటే పంపునే తిరగేసి వాడండి. మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుకి డెలివరీ వైపు నుంచి నీళ్లు పంపిస్తే అది ఉల్టా తిరిగి టర్బైన్ అవుతుంది, దాని మోటారే జనరేటర్ అవుతుంది. కోయంబత్తూరు పంపులు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, సీలు పోయినా బేరింగు పోయినా సందు చివరి మెకానిక్ బాగు చేస్తాడు. పోర్ట్‌లాండ్‌లో పెట్టిన గోళాకారపు టర్బైన్ల ప్రాజెక్టుకి 17 లక్షల డాలర్లయింది, కిలోవాట్‌కి 8,500 డాలర్లు. పెద్ద వ్యాసం మెయిన్లకి అవి బాగుండొచ్చు గానీ, మనకి తిరగేసిన పంపే దారి.

అయితే పంపు ఎంచుకోవడంలో కొంత తెలివి కావాలి. అదే వేగం దగ్గర పంపుగా ఇచ్చే హెడ్, ప్రవాహం కన్నా టర్బైన్‌గా దానికి ఎక్కువ కావాలి, రకాన్ని బట్టి దాదాపు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు. అందుకని సెకనుకి 20 లీటర్లు, 30 మీటర్లు ఉన్న చోటికి కేటలాగులో 14 లీటర్లు, 21 మీటర్ల దరిదాపుల్లో ఉన్నదాన్ని చూడాలి. 20, 30 అని రాసి ఉన్నది కొంటే అది బద్ధకంగా తిరుగుతుంది. దీనికి ప్రవాహాన్ని బట్టి సర్దుకునే రెక్కలు, అంటే గైడ్ వేన్లు, ఉండవు కాబట్టి ఒక ఇరుకైన ప్రవాహంలోనే బాగా పనిచేస్తుంది. మీ వారం రోజుల రీడింగుల్లో ఎక్కువ గంటలు కనిపించిన ప్రవాహానికి కొనండి, గరిష్ఠానికి కొనొద్దు.

బిగించే ముందు పంపు విప్పించి చూడండి. ఇంపెల్లర్ మరతో బిగించే రకమైతే ఉల్టా తిరిగినప్పుడు ఊడి వచ్చే ప్రమాదం ఉంది. కీ ఉన్న షాఫ్టు, లాక్ చేసిన నట్టు ఉండాలి. మెకానికల్ సీల్ స్ప్రింగు కొన్నిటిలో ఒకే దిక్కుకి పనికొస్తుంది, దాన్నీ మార్చించండి.

5. బైపాస్ లేకుండా వాల్వు కూడా తిప్పొద్దు

ఊరికి నీళ్లు ముఖ్యం, కరెంటు ఆ తర్వాత. పాత పీఆర్వీని పీకేయకండి. దాని పక్కనే సమాంతరంగా ఇంకో లైను వేసి టర్బైన్‌ని అందులో పెట్టండి, రెండు వైపులా ఐసొలేషన్ వాల్వులు, ముందు చెత్త పట్టే జల్లెడ, అంటే స్ట్రైనర్. టర్బైన్ తీసుకున్నన్ని నీళ్లు దాంట్లోంచి, మిగిలినవి పీఆర్వీలోంచి. ఆ పీఆర్వీ దారే మీ బైపాస్. రిపేరు వస్తే టర్బైన్ వైపు మూసేస్తే కుళాయిలో ఎవరికీ తెలియకూడదు.

భయపడాల్సింది కరెంటు పోయిన క్షణానికి. గ్రిడ్ పోగానే జనరేటర్ మీద బరువు పోతుంది, టర్బైన్ పరుగందుకుంటుంది. ఆ వేగంలో తిరగేసిన పంపు నీళ్లను సరిగా వెళ్లనివ్వదు, ప్రవాహం ఒక్కసారిగా తగ్గి పైపులో ప్రెషర్ సుత్తి దెబ్బలా ఎగుస్తుంది, దాన్నే వాటర్ హామర్ అంటారు. కంగారుగా వాల్వు టక్కున మూస్తే మరీ ప్రమాదం, పాత సిమెంటు పైపులు అక్కడే పగులుతాయి. టర్బైన్ వాల్వు మెల్లగా మూసుకోవాలి, అదే సమయంలో బైపాస్ తెరుచుకోవాలి, ఇది మనిషి చేతి మీద ఆధారపడకూడదు. పరుగు వేగం దగ్గర కూడా పంపు, మోటారు తట్టుకుంటాయని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పెల్టన్‌కి ఈ బాధ తక్కువ, జెట్‌ని పక్కకి మళ్లించే రేకు ఒకటి పెడితే పైపులో ప్రవాహం మారదు.

6. కరెంటు ఎటు పంపాలి

నాలుగు పోళ్ల ఇండక్షన్ మోటారుని గ్రిడ్‌కి కలిపి నిమిషానికి 1,500 చుట్లకి కాస్త పైన తిప్పితే జనరేటర్ అవుతుంది. పక్కనే పంపుహౌసో, క్లోరినేషన్ గదో ఉంటే ఆ కరెంటు అక్కడే వాడుకోవడం ఉత్తమం, కొన్నవాటిలో తగ్గిన యూనిట్లన్నీ లాభమే. గ్రిడ్‌కి కలపాలంటే డిస్కమ్ అనుమతి, వాళ్లు చెప్పిన రక్షణ రిలేలు (గ్రిడ్ పోగానే జనరేటర్‌ని లైను నుంచి విడదీసేవి) తప్పనిసరి. పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్లు ఉంటే గ్రిడ్ పోయాక కూడా జనరేటర్ తనంతట తాను కరెంటు పుట్టిస్తూ ఉండొచ్చు. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన కరెంటు లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఈ రిలే విషయంలో ఖర్చు తగ్గించమని ఎవరన్నా ఒప్పుకోకండి.

గ్రిడ్ లేని చోట కెపాసిటర్లు, ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలర్ పెట్టి, మిగిలిన కరెంటుని నీళ్లలో ముంచిన హీటర్ కాయిల్‌లోకి మళ్లిస్తారు.

7. తాగే నీళ్లని మరవొద్దు

యంత్రంలో నీళ్లు తాకేవన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు, కంచు, లేదా తాగునీటికి పనికొస్తుందని ధ్రువీకరించిన పూత. అమెరికాలో దీనికి ఎన్‌ఎస్‌ఎఫ్/ఏఎన్‌ఎస్‌ఐ/క్యాన్ 61 అనే ప్రమాణం ఉంది, కొటేషన్‌లో దాన్ని అడగండి. బేరింగులు నీళ్లకి బయట ఉండాలి, గ్రీజు ఫుడ్ గ్రేడ్‌ది కావాలి. బిగించాక లైనుని క్లోరిన్‌తో కడిగి, మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీళ్లు పరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాకే సరఫరాకి కలపండి.

8. అనుమతులు, డబ్బు

వీధి మెయిన్ మీద మీరు చేయి వేయకూడదు, అది నీటి బోర్డుది లేదా మునిసిపాలిటీది. గేటెడ్ కమ్యూనిటీ లోపలి లైన్లు మీవే అయినా బల్క్ మీటరు తర్వాతే. మునిసిపాలిటీకి ప్రతిపాదన ఇస్తుంటే పోర్ట్‌లాండ్ ఒప్పందాన్ని చూపించండి. పెట్టుబడి బయటి సంస్థ పెట్టింది, కరెంటు అక్కడి విద్యుత్ సంస్థ ఇరవై ఏళ్లకి కొనడానికి ఒప్పుకుంది, నగరానికి రాబడిలో వాటా. టెండర్ల కమిటీకి ఇది తొందరగా అర్థమవుతుంది. అమెరికాలో 2013లో వచ్చిన చట్టం ఇలాంటి 5 మెగావాట్ల లోపు పైపు ప్రాజెక్టులకి జలవిద్యుత్ లైసెన్సు అవసరం లేకుండా చేసింది.

ఖర్చులో పంపు ధర చిన్నది. చాంబరు తవ్వకం, వాల్వులు, ప్యానెలు, కేబులు, వీటికే ఎక్కువ పోతుంది. అందుకే ఇప్పటికే చాంబరున్న పీఆర్వీ, పక్కనే కరెంటు మీటరున్న ట్యాంకు దొరికితే వదలకండి. ఏడేళ్లలో డబ్బు తిరిగి రాదని లెక్క తేలితే అదే డబ్బుతో ట్యాంకు మీద సోలార్ పలకలు పెట్టుకోండి.

ఇవేవీ కుదరకపోయినా, వీడియోలో చూసిన ఆ పది వాట్ల డబ్బాకి నిజమైన ఉపయోగం ఒకటుంది. కరెంటు లేని పీఆర్వీ చాంబరులో ప్రెషర్ లాగర్‌కి, సిమ్ కార్డుతో రీడింగు పంపే మీటరుకి బ్యాటరీ నింపడానికి అది సరిపోతుంది.

9. మొదటి నెల

రోజూ ఒకే సమయానికి మూడు అంకెలు రాయించండి: ముందు ప్రెషర్, తర్వాత ప్రెషర్, యూనిట్లు. రెండు ప్రెషర్లూ అంతే ఉండి యూనిట్లు తగ్గుతుంటే స్ట్రైనర్ నిండిందని అర్థం, కొత్త లైనులో వెల్డింగు చెత్త, గులకరాళ్లు మొదటి వారాల్లోనే వస్తాయి. వారానికోసారి గ్రిడ్ బ్రేకర్ చేత్తో ఆపేసి, బైపాస్ తనంతట తాను తెరుచుకుంటుందో లేదో పక్కనే నిలబడి చూడండి. చాంబరు తాళంచెవి ఒకటి నీళ్ల లైన్‌మన్ దగ్గర, ఒకటి పంపుహౌసులో ఉంచి, టర్బైన్ వైపు వాల్వు ఏదో, ఎటు తిప్పితే మూసుకుంటుందో మూత లోపలి వైపున పెద్ద అక్షరాల్లో పెయింటుతో రాయించండి.